కాటా రూములో చదివినవి

చిత్తూరు దాటినాక, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
నాలుగడుగుల కాటా రూము నాది.
రాత్రి పదికి ఎక్కితే తెల్లారి ఆరుకు దిగేది.
నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే
మిగిలిందే తోతాపురి. తక్కిందంతా ఇనుము.
పుస్తకాన్ని కూడా నేను అట్నే తూస్తాను.

మొగిలయ్య అంగట్లో రోజుకు మూడు రూపాయల అద్దె.
చదివినాక చివరట్ట లోపల పెన్సిల్‌తో
ఉన్నమాట రాసిపెట్టేది నా అలవాటు.
ఆయన తిట్టడు.
రబ్బరు మాత్రం గల్లాపెట్టెలో పెట్టుకోనుంటాడు.

హత్య పుస్తకాల్లో ఎవురూ అన్నం తినరు,
విషం కలిపిన రోజు తప్ప.
డిటెక్టివుకు జీతమెవురిస్తారో
ఇన్ని పుస్తకాలు చదివినా నాకు తేలలేదు.
ముందు వంటామెను అనుమానిస్తారు,
ఆమె ట్రంకుపెట్టె నడింట్లో బోర్లిస్తారు,
చివర్లో పెద్దింటి తమ్ముణ్ణి పట్టుకుంటారు.
బోర్లించిన చీరలు మళ్ళా మడత పెట్టిందెవురు?
ఆ పేజీ ఎవురూ రాయలేదు. వెతికినా.

పోయినేడు మా సూపర్‌వైజరు ఉంగరం పోతే
ముక్కలు కోసే ఆడోళ్ళందర్నీ గేటుకాడ నిలబెట్టినారు.
చేతులనిండా రసం, ఈగలు.
ఉంగరం ఆయన కారు సీటు కిందే దొరికింది.
ఈ కత పుస్తకానికి చాలదు, తెలుసు.

సైన్సు కతలది ఇంకో తీరు.
సంవత్సరం మూడువేలు, చుక్కల నడుమ ఊళ్ళు.
అయినా కాఫీ తెచ్చేది ఆడమనిషే.
వేరే లోకమోళ్ళు దిగితే ఢిల్లీలో దిగుతారు.
బంగారుపాళ్యం మండీకాడ ఒక్కడూ దిగలేదు.
దిగుంటే ముందు కమీషనెంతో తెలిసొచ్చుండేది.
అంగారకుడి మీద కాలవ తవ్వేది
ముప్పై పేజీలు రాసినాడు ఒకాయన. నమ్మినాను.
మా నీవానదిలో ఏడాది పొడుగునా నీళ్ళని రాసుంటే
అక్కడ మూసేసుండేదాన్ని.

ఒకటి మాత్రం, అట్ట కూడా లేనిది, మనసు పట్టేసింది.
తోకచుక్కల్ని లెక్కబెట్టే యంత్రం అందులో.
పెట్టినోళ్ళు పోయి ఎన్నేండ్లయిందో,
అది రోజూ రాత్రి లెక్క పంపతానే ఉంటుంది.
అందుకునేవాళ్ళు లేరని దానికెవురూ చెప్పలేదు.
ఆ రాత్రి రెండున్నరకు లారీల్లేవు.
కాటా మీద ఎర్ర సున్నాలు వెలగతా ఉన్నాయి.
లేచిపోయి ఒట్టి కాటా మీద నిలబడినాను.
అరవై కిలోలు. రాసుకోలేదు.

ఇంక ఆకుపచ్చ ఇంకు మనిషి సంగతి.
ఆయనో, ఆమెనో.
ఏ హత్య పుస్తకం తెచ్చినా పన్నెండో పేజీ పైన
చంపినోళ్ళ పేరు రాసేసుంటుంది.
రెండేండ్లు నోరారా తిట్టుకున్నాను.
మొన్నటిదాంట్లో ‘కాంపౌండరు’ అనుంది.
నూటెనబై పేజీలు వాణ్ణే కనిపెట్టుకోనున్నాను.
చేతులు కడుక్కుంటే అనుమానం,
పసిబిడ్డకు మందు తాపితే ఇంకా అనుమానం.
చివరికి చూస్తే వాడికి ఏ పాపమూ తెలీదు.

పుస్తకం మామూలుదే.
ఆ ఒక్క అబద్ధమే దాన్ని నిద్రపోనీలేదు.

“ఎవురు రాస్తారివి?” అని మొగిలయ్యనడిగితే
“నాకేం తెలుసమ్మా” అని రబ్బరు లోపలికి తోసినాడు.
జేబులో రెండు పెన్నులున్నాయి, రెంటికీ మూతలున్నాయి.
తీసి చూపించమని అడగలేదు.

చివరట్టలో రాసినాను:
నిండు బరువు నూటెనబై పేజీలు.
ఖాళీ బరువు నూటా డెబ్బైతొమ్మిది.
సరుకు పన్నెండో పేజీ.

దామలచెరువు బండి హారన్ కొడతా ఉంటే
కింద చిన్నచ్చరాలతో ఇంకొకటి రాసినాను:
కాంపౌండరన్నా, తప్పయిపాయ.

అదొక్కటి చెరపొద్దని
మొగిలయ్యకు చెప్పల్ల.